పేలికలకి చోటు వెతికిన రోజులు

మా యూనిట్ నుంచి గుడ్డ రెండు దారుల్లో బయటికి వెళ్ళేది. యూనిఫారాలుగా తయారైన గుడ్డ లారీ ఎక్కి ముందు గేట్లోంచి వెళ్ళేది. మిగిలింది వెనక గోడ మీంచి వెళ్ళేది. ముందు గేటు దగ్గర వాచ్‌మన్ ఉండేవాడు, రంగుల బోర్డు ఉండేది, పూలకుండీలు ఉండేవి. వెనక గోడ దగ్గర ఏమీ ఉండేవి కావు. నా ఉద్యోగంలో చెప్పుకోదగ్గదేదైనా జరిగిందంటే అది ఆ వెనక గోడ దగ్గర మొదలైనదే.

మచిలీపట్నం శివార్లలో స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్ అది. అందులో కటింగ్ సెక్షన్ సూపర్వైజర్‌గా చాలా ఏళ్ళు చేశాను. ఇల్లు గుడివాడలో. రోజూ పొద్దున బందరు బస్సెక్కితే గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు దిగేదాకా కూర్చోడానికి చోటు దొరికేది కాదు. ఆ పిల్లల ఈడు అమ్మాయిలే ఇప్పుడు కుట్టు యూనిట్లలో కొత్తగా చేరుతున్నారు. ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. నీతి కథ అనుకోకండి. ఇందులో నీతి గెలిచి ఉంటే నా రిటైర్మెంట్ ఫంక్షన్‌లో మైకు ముందే చెప్పేసి ఉండేదాన్ని.

పని తెలియని వాళ్ళకి కొంచెం చెప్పాలి. గుడ్డని పొడవాటి బల్ల మీద పొరలు పొరలుగా పరిచి, పైన కాగితం నమూనా పెట్టి, మిషన్‌తో ఒకేసారి కోస్తాం. ఎంత జాగ్రత్తగా కోసినా మెడల దగ్గర, చంకల దగ్గర నెలవంకల్లాంటి ముక్కలు మిగులుతాయి. అంచుల్లో పొడుగు పీలికలు పోతాయి. గుడ్డ తాను చివర ఎందుకూ చాలని మూరెడు ముక్క ఉండిపోతుంది. ఇదంతా సాయంత్రానికి ఒక గుట్ట అవుతుంది. మొదట్లో వెనక పక్క గొయ్యి తీసి తగలబెట్టేవాళ్ళం. ఆ పొగకి పక్క పేటలో వాళ్ళు గొడవ చేశారు. అప్పట్నుంచి గోడ మీంచి అవతలికి విసిరేయడం మొదలైంది. అవతల మురుగు కాలవ. కాలవ ఏం మాట్లాడదు కాబట్టి అందరికీ సుఖంగా ఉండేది.

ఒక ఏడాది నాట్లు పడిన కొత్తల్లో పెద్ద వాన కురిసింది. మా పేలికలన్నీ కొట్టుకుపోయి కాలవ తూముకి అడ్డం పడ్డాయి. నీళ్ళు వెనక్కి తన్ని చేలు మునిగాయి. మర్నాడు రైతులు తూములోంచి లాగిన తడి పేలికలు కర్రలకి వేలాడేసుకుని వచ్చారు. వాచ్‌మన్ ఆపేలోపే ఆఫీసు రూములోకి వచ్చి, మేనేజరుగారి టేబుల్ మీద గుమ్మరించారు. బురద నీళ్ళు ఆయన చొక్కా మీద చిందాయి.

“మీ గుడ్డలు మీరే కట్టుకోండి సార్. మా చేలల్లో యూనిఫారాలు పండవు,” అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

వాళ్ళు వెళ్ళాక మేనేజరుగారు నన్ను పిలిచారు. రుమాలుతో చొక్కా తుడుచుకుంటూనే చెప్పారు.

“ఇక ఒక్క ముక్క గోడ దాటకూడదు మేడమ్. తగలబెట్టొద్దు. ఎవరికైనా ఇచ్చెయ్యండి. ఎవరికిస్తారో నన్నడక్కండి. పీడ వదిలితే చాలు.”

అమ్మాయిలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. పైవాళ్ళు నోటితో అనేది గాలి మాట. అది వాళ్ళ నోట్లోంచి వచ్చినంత తేలిగ్గా వెళ్ళిపోతుంది.

ఎవరికైనా ఇచ్చెయ్యడం సులువే అనుకున్నాను. లేనివాళ్ళు ఏదిచ్చినా పుచ్చుకుంటారని మనకో నమ్మకం ఉంటుంది కదా. గూడూరు దగ్గర పల్లెలో కూలికి వెళ్ళే ఆడవాళ్ళ దగ్గరికి ఒక గోనెడు ముక్కలు పట్టుకెళ్ళాను. ఒకావిడ గోనె మూతి విప్పి చెయ్యి పెట్టి చూసింది. రెండు నెలవంక ముక్కలు బయటికి తీసి ఎండకి పట్టుకుంది.

“ఇవేం చేసుకోమంటారండీ? మీకే పనికిరానిది మాకెట్టా పనికొచ్చుద్ది?”

అని, నొచ్చుకోకుండా మూతి మళ్ళీ బిగించి కట్టి, గోనె నా ఆటోలో తనే పెట్టింది. ఆ దారంతా నా చెవులు మండుతూనే ఉన్నాయి. ఆవిడ తిట్టి ఉంటే అంత ఉండేది కాదు.

అప్పుడు తెలిసింది, పంచడం వేరు, చోటు వెతకడం వేరు అని. ఏ ముక్క ఎవరికి అవసరమో ముందు కనుక్కోవాలి. పొడుగు పీలికలకి కృత్తివెన్ను వైపు దారి దొరికింది. అక్కడ రొయ్యల చెరువుల మీద కొంగలు వాలకుండా అడ్డంగా తాళ్ళు కట్టి, వాటికి పీలికలు వేలాడదీస్తారు. ఆ చెరువుల వాళ్ళు మనిషిని పంపి మరీ పట్టుకెళ్ళేవారు. ఓసారి ఆ దారిన బస్సులో వెళ్తుంటే చెరువుల మీద నీలం, గంధం రంగు పీలికలు గాలికి కొట్టుకుంటూ కనిపించాయి. కృష్ణా జిల్లా బడిపిల్లలందర్నీ అక్కడ ఆరేసినట్టు అనిపించి నవ్వొచ్చింది. చిన్న తుక్కు గుడివాడలో దిండ్లు కుట్టే ఆయన తీసుకునేవాడు. దూదిలో కలిపి కూరతాడని నాకు తెలుసు. ఆయన గిరాకీలకి తెలుసో లేదో తెలియదు.

చివరికి మిగిలినవి తాను చివరి ముక్కలు. ఉన్నవాటిలో మంచి గుడ్డ అదే. కానీ దానికి సూది పట్టే మనిషి కావాలి.

మా సెక్షన్లో కోసిన భాగాలు కట్టలు కట్టే హెల్పర్ ఒకావిడ ఉండేది. బందరు ముస్లిం కుటుంబం. నాకంటే పెద్దది. అందరం ఆమెని ఆపా, అంటే అక్కా, అని పిలిచేవాళ్ళం. వాళ్ళ అమ్మ బందరు వీధుల్లో ఇంటింటికీ వెళ్ళి పాత చీరలతో బొంతలు కుట్టిపెట్టేదట. ఆపాకి ఆ పని చేతిలో ఉంది. నోరు మాత్రం కొంచెం కటువు. ఒకరోజు నేను తాను చివర ముక్కలు గోనెలో కుక్కుతుంటే వచ్చి నా చేతిలోంచి లాక్కుంది.

“సూపర్వైజరమ్మా, వీటిని కూడా కొంగలకే కడతారా?”

ఆ మధ్యాహ్నమే భోజనాల షెడ్డులో ముక్కలు నేల మీద పరిచి, ఏది దేని పక్కన ఉండాలో చూడ్డం మొదలుపెట్టింది. షిఫ్టు అయ్యాక, బస్సు వచ్చేలోపు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు చేరారు. నేనూ చేరాను. నా కుట్టు చూసి ఆపా విప్పేసింది. మళ్ళీ కుట్టాను. మళ్ళీ విప్పింది.

“ఎందుకాపా? ఊడిపోదుగా.”

“ఊడదు. టాకాలు ఇంత వదులుగా వేస్తే నిద్దట్లో పిల్లల కాలివేళ్ళు ఇరుక్కుంటయ్యమ్మా. పిల్ల ఏడుస్తది. వాళ్ళమ్మ దగ్గర ఉండదుగా అక్కడ.”

అక్కడ అంటే దివిసీమలో ఒక ఆడపిల్లల హాస్టల్. మా యూనిట్లో కుట్టే అమ్మాయి చెల్లెలు అందులో ఉండి చదువుకునేది. వానాకాలం వస్తే గచ్చు చెమ్మగిల్లుతుందని, పిల్లలు ఇద్దరికి ఒక పలచటి దుప్పటి పరుచుకుని పడుకుంటారని, దగ్గులు తగ్గవని ఆ అమ్మాయి చెప్పింది. ఆపా అప్పుడే తేల్చేసింది, బొంతలు అక్కడికేనని.

వేసవి దాటేలోపు కొన్ని తయారయ్యాయి. ఒక ఆదివారం ఆపా, నేను మూటలు కట్టుకుని అవనిగడ్డ బస్సెక్కాం. కండక్టరు లగేజీ టికెట్ కొడతానని పట్టుబట్టాడు. ఆపా ఒక బొంత విప్పి, “కూర్చుని చూడు నాయనా, ఎట్టా ఉందో” అని అతని సీటు మీద పరిచింది. దిగేదాకా దాని మీదే కూర్చున్నాడు గానీ టికెట్ మాత్రం కొట్టాడు.

హాస్టల్‌లో వార్డెనమ్మ మంచిది. అలసిపోయిన మనిషి. బొంతలు చూడగానే ఆమె ముందు అడిగింది, “ఫొటోలు తీసుకుంటారా?” అని. అక్కర్లేదన్నాం. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంది.

చిన్న తరగతుల పిల్లలకి ముందిచ్చాం. ఒక పిల్ల తన గౌను అంచు బొంత మీద పెట్టి చూసుకుని, “ఇది మా స్కూలు డ్రెస్సే!” అని అరిచింది. నిజమే. వాళ్ళ ఒంటి మీద యూనిఫారం, దాని మిగులే ఆ బొంత. మిగతా పిల్లలంతా తమ రంగు వెతుక్కోవడం మొదలుపెట్టారు. పెద్ద తరగతి పిల్లలు గోడ వారన నిలబడి చూస్తున్నారు. వాళ్ళలో ఒక పొడుగు పిల్ల మేం బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చింది.

“మాకెప్పుడండీ?”

“వానలు ముదిరేలోపు తెస్తానమ్మా,” అంది ఆపా. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో వేళ్ళు ముడుస్తూ, తెరుస్తూ లెక్కలేవో వేసుకుంటూ కూర్చుంది.

ఆ తర్వాత కొద్దిరోజులకే యూనిట్‌కి బయటి ఊరి కొనుగోలుదారులు వచ్చారు. మేనేజరుగారు, యజమానిగారి తమ్ముడు కలిసి అన్నీ తిప్పి చూపిస్తున్నారు. చెయ్యి కడుక్కోడానికి భోజనాల షెడ్డు వైపు వచ్చిన ఒకావిడ, సగం కుట్టిన బొంత చూసి ఆగిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని నిమిరింది. ఎవరు చేశారంది. ఆపాని చూపించాం. “ఇది వేస్టు గుడ్డా? నమ్మలేకపోతున్నాను” అంది. ఆపా కుడుతుంటే చేతులు ఫొటో తీస్తానంది. తీయబోయి, “గాజులుంటే బాగుంటుంది” అంది. ఆపా చేతులకి గాజులు లేవు. భర్త పోయినప్పుడు తీసేసింది. కుట్టే అమ్మాయి ఒకతె తన గాజులు తీసి ఆపా చేతులకి ఎక్కించింది. ఆపా సిగ్గుపడుతూ నవ్వింది. అదేదో మంచికే అనుకున్నాం. హాస్టల్‌కి ఇంకా గుడ్డ ఇప్పిస్తారేమో అనుకున్నాం.

మర్నాటి నుంచి ముక్కలకి గది, గదికి తాళం వచ్చాయి. రోజూ సాయంత్రం తుడిచిన తుక్కుతో సహా తూకం వేసి లోపల పెట్టాలన్నారు. చెరువుల వాళ్ళ మనిషి వస్తే గేట్లోంచే పంపేశారు. బొంతల ఆర్డరు వచ్చిందట. ఆ పని చూసుకునేది యజమానిగారి తమ్ముడట.

నేను మేనేజరుగారి దగ్గరికి వెళ్ళాను.

“హాస్టల్ పిల్లలకి మాటిచ్చాం సార్. ఇంకా సగం మందికి ఇవ్వాలి.”

“చూద్దాం మేడమ్. ముందు ఆర్డర్ కానివ్వండి. తర్వాత మనవే కదా.”

ఆపాకి ఇదే చెప్పాను. ఆమె నమ్మింది. కొత్తగా చేర్చుకున్న అమ్మాయిలకి బొంత పని నేర్పమంటే నేర్పింది. పరచడం, అంచు కట్టడం, టాకా దగ్గరగా వేయడం, అన్నీ. అమ్మాయిలకి చేయి తిరిగే కొద్దీ ఆపా దగ్గర నిలబడే వాళ్ళు తగ్గారు. వానలు పడ్డాయి. నాట్లు అయిపోయాయి. “తర్వాత” రాలేదు.

ఆపా ఇంట్లో అప్పటికి కొన్ని బొంతలు సగంలో ఉన్నాయి. మునుపు తెచ్చుకున్న ముక్కలతో మొదలుపెట్టినవి. అంచులకి గుడ్డ తక్కువపడింది. తాళం వేసిన గదిలో ముక్కల జోలికి ఆమె పోలేదు. ఆర్డరు వాళ్ళు కూడా వద్దని పక్కన పారేసిన నెలవంక ముక్కలు, నేల మీద చీపురుకి దొరికినవి, ఏరుకుని సంచిలో వేసుకుంది. దాచలేదు. అన్నం క్యారియర్ పైనే కనబడేట్టు పెట్టుకుంది. ఇన్నాళ్ళూ అలాగే తీసుకెళ్ళింది మరి.

ఆ సాయంత్రం గేటు దగ్గర కొత్తగా సంచులు వెతకడం పెట్టారు. అందరం వరసలో నిలబడ్డాం. వాచ్‌మన్ ఆపా ముందుకొచ్చి తల దించుకున్నాడు.

“ఏమనుకోమాక ఆపా. చూడమన్నారు.”

“చూడు నాయనా. నాదగ్గరేముంది.”

అతను చూశాడు. సంచి మూసేసి పంపేద్దామనే అనుకున్నాడు. కానీ వెనకే యజమానిగారి తమ్ముడు నిలబడి ఉన్నాడు. సంచి తనే తీసుకున్నాడు. ముక్కలు పైకెత్తి అందరికీ చూపించి, “చూశారా, ఇట్టా పోతుందన్నమాట సరుకు” అన్నాడు.

సరుకు! నేను వరసలోంచి బయటికి వచ్చేశాను. ఆపాని ఆఫీసు రూముకి తీసుకెళ్తే వెనకే వెళ్ళాను. బస్సు పోతే పోయిందని మిగతా ఆడవాళ్ళు కిటికీ దగ్గర గుమిగూడారు.

మేనేజరుగారు తన కుర్చీలో ఉన్నారు. ఫోన్ చూసుకుంటున్నారు.

“సార్, ముక్కలు ఎవరికైనా ఇచ్చెయ్యమని మీరే కదా చెప్పారు నాకు. పీడ వదిలితే చాలన్నారు,” అన్నాను.

ఆయన ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. “పారెయ్యమన్నాను మేడమ్. ఇళ్ళకి పట్టుకెళ్ళమన్లేదు.”

“ఆమె ఇంటికి కాదు సార్, హాస్టల్ పిల్లలకి. మీకూ తెలుసు. షెడ్డులో కుడుతుంటే మీరు రోజూ చూశారు.”

“మీరు మధ్యలోకి రాకండి మేడమ్. ఇది దొంగతనం విషయం.”

ఆ మాట ఆయన నోట్లోంచి మెల్లగా వచ్చింది. గట్టిగా అరిచి ఉంటే కోపంలో అన్నాడనుకునేదాన్ని.

యజమానిగారి తమ్ముడు ఆపా వైపు తిరిగాడు. ఆర్డరుకి ఆమె ఇంకా కావాలి. ఆ సంగతి అతనికి తెలుసు. గొంతు మార్చాడు.

“పెద్ద గొడవ చెయ్యను. తప్పయిందని ఒక్క మాటనండి, చాలు. రేపు పనిలోకి రండి.”

కిటికీ దగ్గర్నుంచి ఎవరో, “అనెయ్యి ఆపా, ఒక్క మాటేగా” అన్నారు. ప్రేమగానే అన్నారు.

ఆపా అతని చేతిలోంచి సంచి తీసుకుని మేనేజరుగారి టేబుల్ మీద బోర్లించింది. ముక్కలన్నీ పడ్డాయి. అందులోంచి తన కత్తెర, సూదుల డబ్బా, అన్నం క్యారియర్ ఏరుకుంది.

“తగలబెట్టినప్పుడు ఇది మీ సొత్తు కాదు. కాలవలో పోసినప్పుడు మీ సొత్తు కాదు. ఆడపిల్లలు కప్పుకుంటారనేసరికి మీ సొత్తయిందా?”

తల మీద కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. ఆమె అతని వంక చూడలేదు.

మర్నాడు నేను యజమానిగారిని కలిశాను. కాఫీ తెప్పించారు. నేను చెప్పిందంతా విన్నారు. “మీలాంటివాళ్ళుండబట్టే సంస్థ నడుస్తోందమ్మా” అన్నారు. ఆ వారంలోనే నన్ను కటింగ్ సెక్షన్ నుంచి తీసేసి ప్యాకింగ్‌లో వేశారు. ఎందుకు మానెయ్యలేదని మీరడుగుతారు. ఇంట్లో మావారికి డయాలసిస్ నడుస్తోంది. రిటైర్మెంట్ ఇంకా దూరముంది. అందుకు సిగ్గుపడను. సిగ్గుపడాల్సినవాళ్ళు నాకు కాఫీ ఇచ్చారు.

ప్యాకింగ్‌లో నా పని బొంతలు మడిచి, పలచటి సంచిలో పెట్టి, పైన ఒక అట్టముక్క కట్టడం. అట్ట మీద ఆపా చేతులు. అరువు గాజులతో, సూది పట్టుకుని. కింద, వృథాగా పోయే గుడ్డకి కృష్ణా తీరపు మహిళలు పోసిన ప్రాణం అని రాసి ఉండేది. రోజంతా ఆ చేతుల్ని దారంతో ముడివేసి కట్టేదాన్ని. మొదటి వారం అట్టని తిరగేసి కట్టాను. ఎవరో చూసి చెప్పారు. తర్వాత సరిగ్గానే కట్టాను.

బొంతలకి గిరాకీ పెరిగింది. ఒకరోజు టీ దగ్గర కటింగ్ మాస్టర్ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

“మేడమ్, ఓ విచిత్రం చెప్పనా? ముక్కలు చాలట్లేదు. కొత్త తానులు కోసి ముక్కలు చెయ్యమన్నారు.”

“దేనికి?”

“బొంతలకే. మిగులు గుడ్డతో చేసినట్టు ఉండాలిగా మరి.”

నేను నవ్వాననుకుంటాను. ఆయన మాత్రం నవ్వలేదు. మంచి తానుని కోసి పాడుచెయ్యడం ఆయనకి చేతులు రాని పని.

ఆపాని అప్పుడప్పుడు చూడ్డానికి వెళ్ళేదాన్ని. జాకెట్లు, లంగాలు కుట్టుకుంటూ ఇంట్లోనే ఉండేది. మొదట్లో వీధి ఆడవాళ్ళు బాగానే ఇచ్చేవారు. ఫ్యాక్టరీలో అన్న దొంగ మాట బందరు దాకా నడిచి వచ్చాక మారింది. నేను అక్కడ ఉండగానే ఒకావిడ జాకెట్ గుడ్డ తెచ్చింది. ఆపా కొలిచేదాకా కదల్లేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, “మిగిలిన ముక్క కూడా ఇచ్చెయ్యి ఆపా” అంది.

“చిన్న చిన్న ముక్కలే మిగుల్తయ్యమ్మా.”

“అయినా సరే.”

ఆపా తల ఊపింది. ఆవిడ వెళ్ళాక ఆ గుడ్డని చాలాసేపు ముట్టుకోలేదు. దర్జీ మిగులు గుడ్డ కొట్టేస్తాడని జనం ఎప్పుడూ అంటూనే ఉంటారు. నవ్వుతూ అంటారు. ఆపాతో మాత్రం ఎవరూ నవ్వుతూ అనడం లేదు.

ఆ సగం బొంతలు ఆమె పూర్తి చేసింది. బజారులో ఆడవాళ్ళ టైలర్లని లైనింగు ముక్కలు అడిగింది. కొందరు ఇచ్చారు. కొందరు లేవన్నారు, కాళ్ళ దగ్గర గుట్ట కనిపిస్తుండగానే. అన్నీ తయారై మేం మళ్ళీ అవనిగడ్డ బస్సెక్కేసరికి చలికాలం కూడా దాటిపోయింది. వార్డెనమ్మ సంతోషంగా తీసుకుంది. గోడ వారన నిలబడ్డ పొడుగు పిల్ల గురించి ఆపా అడిగింది.

“పదో తరగతి కదండీ. పరీక్షలు రాసి వెళ్ళిపోయింది.”

“పోయిన వానాకాలం ఎట్టా గడిపింది?”

వార్డెనమ్మ కొంచెం ఆలోచించింది. “అందరూ గడిపినట్టే,” అంది.

తిరుగు బస్సులో ఆపా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను ఏదో చెప్పబోయాను. “మీరు మాట్లాడకండమ్మా కాసేపు,” అంది.

నా రిటైర్మెంట్ ఫంక్షన్ మొన్నీమధ్యే అయింది. పూలదండ, శాలువా, మైకు. మేనేజరుగారు మాట్లాడారు. పేలికల నుంచి సంపద తీయొచ్చన్న ఆలోచన మొదట మేడమ్‌గారిదేనన్నారు. చప్పట్లు కొట్టించారు. యజమానిగారి తమ్ముడు స్వయంగా కానుక అందించారు. అందుకోగానే ఏమిటో తెలిసిపోయింది. దాన్ని మడిచిందీ, దానికి దారం ముడివేసిందీ నేనే.

స్టేజీ మీద విసిరికొట్టి ఉండొచ్చు. మీరు అదే అనుకుంటారు. నేను దణ్ణం పెట్టి దిగాను. గేటు బయట ఆటో ఎక్కి, గుడివాడ బస్టాండుకి కాకుండా ఆపా వాళ్ళ వీధికి పోనివ్వమన్నాను. ఆటో ఆయన్ని కాసేపు ఉండమన్నాను.

ఆపా అట్టముక్క చూసింది. తన చేతులు గుర్తుపట్టింది. అట్ట పక్కన పెట్టింది. బొంత నేల మీద పరిచి, అలవాటుగా అరచెయ్యి ఆనించి అంచు నుంచి మధ్యకి తడుముకుంటూ వెళ్ళింది. మధ్యలో చెయ్యి ఆగింది.

“ఇది ముక్కల గుడ్డ కాదు. కొత్త తాను కోశారా?”

“కోశారు.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

“నన్ను దొంగన్నారు,” అంది. తర్వాత కత్తెర తెచ్చి టాకాలు విప్పడం మొదలుపెట్టింది. నేను రెండో కొస పట్టుకున్నాను. కుట్టు మిషన్‌ది, దారం లాగితే చర్రున వచ్చేసింది. వీధిలో పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి అది మళ్ళీ ఉత్త ముక్కలు. పక్కింట్లో కాన్పుకొచ్చిన అమ్మాయి ఉందని, పుట్టబోయే పిల్లకి కింద వేసే పక్కగుడ్డలకి పనికొస్తాయని ఆపా వాటిని బకెట్లో నానేసింది.

నీళ్ళు నీలంగా మారాయి. పారబోసి ఇంకో బకెట్ పట్టింది. మళ్ళీ నీలమే. ఇంకోసారి పట్టి, గుడ్డని రెండు చేతులతో నలిపింది. ఆమె చేతులు మణికట్టు దాకా నీలమయ్యాయి.

“ఇది పసిపిల్లల ఒంటికి పనికిరాదమ్మా,” అంది. ముక్కలన్నీ పిండి, ఒక పాత గోనెలో వేసి నా చేతికిచ్చింది. “ఆటో వాళ్ళకెవరికైనా ఇచ్చెయ్యండి.”

బస్టాండు దగ్గర దిగేటప్పుడు ఆ గోనె ఆటో ఆయనకిచ్చాను. ఆయన మూతి విప్పి చూశాడు.

“తడిగా ఉన్నాయేంటండీ?”

“ఆరేసుకో నాయనా. ఇంజను తుడుచుకోడానికి బాగుంటాయి.”

ఆయన గోనె సీటు కింద తోసి, మీటరు లేని ఆటో కాబట్టి ఇంతసేపు ఆగినందుకు ఎంతివ్వాలో నాతో బేరం మొదలుపెట్టాడు.